‘ష’ పెట్టి రాసిన జలుబు

కార్తీక మాసం, రెండో శనివారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. అప్పుడు మా ఇంటి తలుపు మోగింది. నిమిషాలతో సహా ఎట్లా గుర్తుందని అడగవద్దు. లోపలి గదిలో నా మనవరాలు దుప్పటి కప్పుకుని ఆవిరి పడుతోంది. పది నిమిషాలకు ఒక్క నిమిషం తగ్గినా ఒప్పుకోనని నేను గడియారం కింద కాపలా కూర్చున్నాను.

తలుపు కొట్టింది ఎవరో చెప్పే ముందు, అంతకు రెండు రోజుల ముందు నేను చేసిన ఘనకార్యం చెప్పాలి.

మాది మద్రాసులో చింతాద్రిపేట. నా మనవరాలు రక్తపరీక్షలు చేసే ల్యాబులో పని చేస్తుంది. ఇరవై ఆరేళ్ళు. నలుగురు పెళ్లికొడుకులను వద్దంది. ఒకడి మీసం బాగాలేదు, ఒకడి మాట బాగాలేదు, మిగిలిన ఇద్దరిలో ఏం బాగాలేదో అడిగే ఓపిక నాకు లేకపోయింది. అయిదో సంబంధం షోళింగనల్లూరు నుంచి వచ్చింది. గోదావరి జిల్లా వాళ్ళు, అబ్బాయి ఉద్యోగం కోసం అయిదేళ్ళ కిందట ఈ ఊరు వచ్చారు. తండ్రి లేడు, తల్లీ కొడుకూ. ఫోటో చూసి నా మనవరాలు, "ఇతనైతే సరే అవ్వా" అంది. అని, ఆ ఫోటో తిరిగి నా చేతికి ఇవ్వలేదు. దాన్నిబట్టి నాకు అర్థమైంది, ఈ సంబంధం తప్పిపోతే ఈ పిల్ల మళ్ళీ పెళ్లి మాట ఎత్తనివ్వదని.

ఆదివారం పెళ్లిచూపులు అనుకున్నాం. అబ్బాయి తల్లి ఒక్కటే షరతు పెట్టింది. పెద్దల ఎదురుగా మొదటిసారి చూసుకోవాలి, అంతదాకా ఫోన్లూ గీన్లూ, బయట కలుసుకోవడాలూ ఉండకూడదు. మేము సరే అన్నాం.

ఇంతలో బుధవారం పొద్దున నా మనవరాలికి జలుబు పట్టుకుంది. మామూలు జలుబు కాదు. ముక్కు బీట్‌రూట్ ముక్కలాగా అయింది, కళ్ళు వాచిపోయాయి, మాట్లాడితే డబ్బాలో నుంచి మాట్లాడినట్టు ఉంది. నా కోడలికి పోయిన వారమే వచ్చి గొంతు పూర్తిగా పోయింది. ఆమె సైగలతో సంసారం చేస్తోంది. ఈ మొహాలతో పెళ్లిచూపులేమిటి? వాళ్ళకు ఫోన్ చేసి వాయిదా వేయించమని నా కొడుకు నాకు చెప్పి పనికి పోయాడు. వాడు ఏసీ మెకానిక్కు. కార్తీకమంటే ఈ ఊరికి వానాకాలమే, అయినా ఏసీలు చెడిపోతూనే ఉంటాయి.

ఫోనెందుకు, రాస్తే పోలా అనుకున్నాను.

నేను అరవై తొమ్మిదో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. అంతకు ముందు ముప్పై ఏళ్ళు పురసవాక్కంలో ఒక దర్జీ దుకాణానికి కాజాలు కుట్టాను, హుక్కులు వేశాను. సూదిలో దారం ఎక్కించే చేతికి అక్షరం ఒక లెక్కా అనుకున్నాను గాని, లెక్కే. అన్నిటికంటే నన్ను ఏడిపించినవి మూడు ‘స’లు. నోటితో మాట్లాడేటప్పుడు మాకు అన్నీ ఒకటే స. పుస్తకంలో చూస్తే స, శ, ష అని మూడు. కడపటి ‘ష’ నాకు ఆ నెలలోనే చేతికి వచ్చింది. ఫోన్ తెర మీద వేలితో గీస్తే అచ్చు అక్షరమై కూర్చుంటుంది. చేతికొచ్చిన దాన్ని ఎక్కడైనా వాడాలని వేలు దురద పెడుతోంది.

జలుబు అని రాయవచ్చు. కానీ జలుబు అంటే చదివేవాళ్ళకు ముక్కు కారుతున్నట్టే ఉంటుంది. కాబోయే వియ్యాలవారికి రాసే మొదటి ఉత్తరం, గౌరవంగా ఉండాలి. మద్రాసులో అరవవాళ్ళు జలుబును జలదోషం అంటారు. మా వీధి డాక్టరూ అదే అంటాడు, మేమూ పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు అదే అంటాం. పైగా అందులో ‘ష’ ఉంది. గురువారం సాయంత్రం కూర్చుని, అరగంట గీసి, ఎవరికీ చూపించకుండా పంపాను:

"నమస్కారం. అమ్మాయికి జలదోషం ఉంది. ఆదివారం చూడటానికి రావద్దు. పోయాక కబురు చేస్తాం."

రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు. శుక్రవారం కూడా రాలేదు. మనవరాలు ముక్కు తుడుచుకుంటూ గంటకొకసారి వచ్చి, "వాళ్ళు ఏమన్నా రాసినారా అవ్వా?" అని అడుగుతుంది. లేదంటే మొహం వేలాడేసుకుని పోతుంది. ఒక్క జలుబుకే అలిగే మనుషులా వీళ్ళు అని నాకు ఒళ్ళు మండింది.

ఇదిగో, శనివారం పదకొండు గంటల పది నిమిషాలకు తలుపు తీస్తే, ఆ జవాబు ఇవ్వని మనుషులే గుమ్మంలో ఉన్నారు. అబ్బాయి తల్లి, ఆమె తమ్ముడు. ఆయన రిటైరైన బడిపంతులు. తీరిక దొరికాక జాతకాలు చూడటం మొదలుపెట్టాడట. చంకలో పంచాంగం ఉంది. అబ్బాయి కారు పెట్టడానికి చోటు వెతుక్కుంటున్నాడని చెప్పారు. మా వీధిలో కారుకు చోటు దొరకాలంటే పూర్వజన్మ పుణ్యం ఉండాలి.

నేను లోపలి గది తెర లాగేసి వాళ్ళను ముందు గదిలో కూర్చోబెట్టాను. కోడలు వచ్చి దండం పెట్టి, తన గొంతు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపి నిలబడింది.

"మెసేజ్ చూశామండి, మామ్మగారూ" అంది అబ్బాయి తల్లి. కళ్ళు నిద్ర లేనట్టు ఉన్నాయి. "ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఈ రోజుల్లో ఎవరు చెప్తారండి అలాగ? అందుకే ఫోన్లో కాకుండా మనిషిగా వచ్చి మాట్లాడదామని వచ్చాం."

"దాచేదానికి ఏముందమ్మా? చూస్తే తెలిసిపోతాది కదా."

"చూస్తే తెలిసిపోతుందాండి?" అన్నాడు తమ్ముడు, ముందుకు వంగి.

"మొహం చూస్తేనే తెలిసిపోతాది. మీకు జాతకం గూడా అక్కర్లేదు."

అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఎప్పట్నించి ఉందండి?"

"బుధవారం పొద్దున్నించి."

"అమ్మాయి బుధవారం పుట్టిందాండి?"

"పుట్టింది శుక్రవారం. ఇది పట్టింది బుధవారం."

ఆయన పంచాంగం తీసి, ఏదో పేజీ చూసి, మళ్ళీ మూశాడు. "వంశంలో ఇంకెవరికైనా…"

"వంశమంతా ఉంది" అన్నాను. నేను అబద్ధం చెప్పే మనిషిని కాను. "ఈమెకి పోయిన వారం వచ్చింది, గొంతే పోయింది చూడండి. నా కొడుక్కి ఏటా రెండు మూడు తూర్లు వస్తాది. నా మొగుడికైతే బతికున్నన్నాళ్ళూ ఉండింది."

అబ్బాయి తల్లి పమిట కొంగు గుప్పిట్లో పట్టుకుంది. "ఆయన ఎలా పోయారండి?"

"అది గుండె. దీనికీ దానికీ సంబంధం లేదు."

ఆ సమయంలో నా కోడలు తలుపు దగ్గర నిలబడి చేతులతో ఏదో చెప్తోంది. తన తల చూపిస్తుంది, పంచాంగం చూపిస్తుంది, వేలు తిప్పుతుంది, ముక్కు పట్టుకుని లాగుతుంది. "కాఫీ అయితే పెట్టు, అడగతా నిలబడ్డావెందుకు?" అన్నాను. ఆమె నుదురు కొట్టుకుంది. గొంతు లేని మనిషికి కోపం ఎక్కువని ఊరుకున్నాను.

"మరి మా వాడికేవన్నా ప్రమాదమాండి?" అంది అబ్బాయి తల్లి.

"పక్కన కూచుంటే పట్టుకుంటాది. అందుకే కదా రావద్దని రాసినాను. ఇంగ పెళ్లయినాక తప్పించుకోలేడులే. ఒకటే తుండుగుడ్డ, ఒకటే గలాసు. మా అందరికీ అట్టనే వచ్చింది."

తమ్ముడు అక్క చేతి మీద చెయ్యి వేశాడు. "ఈ ఇల్లు నీటి ఒడ్డున ఉందని చెప్పాను కదక్కా, దాని మూలమే."

"నీరెక్కడుంది? ఉండేది కూవం మురుగు. దాన్ని నీరంటే నీరుకి కోపం వస్తాది."

"పరిహారం ఏవన్నా చేయిస్తున్నారాండి?"

"రోజూ. మూడు పూటలా మిరియాల చారు, రెండు పూటలా నీలగిరి తైలం ఏసి ఆవిరి. కర్పూరవల్లి ఆకు నమలమంటే మాత్రం నమలదు. మొండిది."

"అవి శాస్త్రంలో లేవండి" అన్నాడాయన జాలిగా.

"శాస్త్రంలో ఏముంది?"

"నూట ఎనిమిది బిందెలండి. తెల్లారకముందే, చన్నీళ్ళు. అమ్మాయిని తడిబట్టలతో కూర్చోబెట్టి తల మీద నుంచి పోయాలి. నలభై ఒక్క రోజులు."

నేను లేచి నిలబడ్డాను. డెబ్బై ఏళ్ళు వచ్చాయి, ఎన్నో మూర్ఖపు వైద్యాలు విన్నాను, ఇట్లాంటిది వినలేదు. "జలదోషం ఉండే పిల్ల నెత్తిన నూట ఎనిమిది బిందెలు పోస్తారా? మనుషులేనా మీరు? ఇంకా పెళ్లే కాలా, అప్పుడే చంపేదానికి వచ్చినారా?"

"చంపడమేంటండీ! దోషం పోవద్దా?"

"ఆ దోషంతో పాటు పిల్లా పోతాది!"

"మీరే కదండీ రాశారు, పోయాక కబురు చేస్తామని! అది చదివి మా అక్క రెండు రోజులుగా అన్నం ముట్టలేదు!"

అప్పుడు తెర తీసుకుని నా మనవరాలు బయటికి వచ్చింది. పాత నైటీ, నెత్తిన తుండుగుడ్డ, మొహం ఆవిరికి ఉడికి ఎర్రగా ఉంది, ముక్కు చివర నీలగిరి తైలం మెరుస్తోంది. పెళ్లివాళ్ళ ఎదుటికి ఇట్లా వచ్చిన పిల్లను నేను చూడలేదు.

"అవ్వా, నువ్వు వాళ్ళకి ఏం రాసినావు?"

"జలదోషమని రాసినా. సరిగ్గా రాసినా. ‘ష’ గూడా పెట్టినా."

ఆ పిల్ల గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చుంది. నవ్వుతోందో దగ్గుతోందో తెలియలేదు. కోడలు మాత్రం రెండు చేతులూ పైకెత్తి దేవుడికి దండం పెట్టింది.

"ఆంటీ, జలుబండీ" అంది నా మనవరాలు. "ఈ ఊర్లో జలుబునే జలదోషం అంటారు. జాతకం దోషం కాదు. ముక్కు దోషం." అని, నిరూపించడానికా అన్నట్టు నాలుగు తుమ్ములు తుమ్మింది. నాలుగోది పంచాంగం మీద పడింది.

అబ్బాయి తల్లి నోరు తెరిచింది. "రొంపా?" అంది. "రొంపా అమ్మా? ఒఠ్ఠి రొంపా?" తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, రొంపకి నూట ఎనిమిది బిందెలు చెప్పావా నువ్వు?"

ఆయన పంచాంగం అట్ట తుడుచుకుంటూ, "అంత సుళువుగా తీసెయ్యకక్కా. ఏదైనా నీటి మూలమే. తల తడవబట్టేగా రొంప వస్తుంది?" అన్నాడు.

ఆయన ఆ రోజు అన్న మాటల్లో నాకు నచ్చింది అదొక్కటే. "అదీ నిజం. వానలో తడిసి వచ్చి తల తుడుచుకోమంటే తుడుచుకోదు" అన్నాను.

ఇక్కడ నా మనవరాలు నోరు మూసుకుని ఉంటే కథ ఇంకోలా ఉండేది. కానీ ల్యాబు పిల్ల కదా, తప్పు మాట వింటే దిద్దకుండా ఉండలేదు. కింద కూర్చునే పాఠం మొదలుపెట్టింది.

"వానకి రాదు అవ్వా, వైరస్‌కి వస్తాది. జలుబు తెప్పించేటివి రెండొందల రకాల పైన ఉండాయి. అందుకే ఒకతూరి వచ్చినా మళ్ళీ వస్తాది, ఈసారి వచ్చేది ఇంకోటి. ఒకరు తుమ్మితే, ఆ చెయ్యి తలుపు మీద పెడితే, మనం తాకి ముక్కు నలుపుకుంటే అంటుకుంటాది."

"మందు లేదామ్మా దీనికి?" అన్నాడు అబ్బాయి మేనమామ.

"దాన్ని చంపే మందు లేదండీ. ఒళ్ళే తరుముకుంటాది. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొనుక్కుని మింగితే దుడ్లు దండగ, అది వైరస్ మీద పని చెయ్యదు."

నా బొడ్డు సంచిలో అట్లాంటి మాత్రలే నాలుగు ఉన్నాయి. ముందు రోజే కొన్నాను. చారులో పొడి చేసి వేద్దామనుకున్నాను. సంచి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"ఇంకోటి" అంది మనవరాలు. అక్కడైనా ఆగలేదు. "అంటుకున్న నిమిషానే తెలియదు. రెండు రోజులైనాక బయటపడతాది, కొందరికి మూడు."

"మరి నీకెక్కడ అంటుకుందమ్మా? అమ్మ దగ్గరా?" అంది అబ్బాయి తల్లి.

"అమ్మది పోయిన వారమే సర్దుకుంది కదండీ, గొంతొకటే మిగిలింది. ల్యాబులో ఎవరో ఇచ్చుంటారు."

అప్పుడు అబ్బాయి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పి, లోపల అడుగు పెట్టి, చేతులు జోడించబోయి, జోడించలేక మోచెయ్యి అడ్డం పెట్టుకుని తుమ్మాడు. ఒకటి కాదు, వరసగా మూడు. ఫోటోలో ఉన్న ముక్కు ఇది కాదు. ఇది బీట్‌రూట్.

"వీడికీ బుధవారం నుంచి ఇదేనండి" అంది తల్లి.

నేను వేళ్ళు మడిచాను. కాజాలు లెక్కపెట్టిన వేళ్ళు, తప్పవు. బుధవారం, మంగళవారం, సోమవారం. సోమవారం నా మనవరాలు ల్యాబుకు పోలేదు. సెలవు పెట్టి, జాకెట్టు గుడ్డ కొనాలని పురసవాక్కం పోయింది. సాయంత్రం ఖాళీ చేతులతో వచ్చింది. రంగు కుదరలేదంది. పురసవాక్కంలో దొరకని రంగు ఏముంటుందని అప్పుడే అనుకున్నాను.

వివేకం ఉన్న మనిషైతే లోపల అనుకుని ఊరుకుంటుంది. నేను పైకే అన్నాను.

"ఏం నాయనా, సోమవారం నువ్వు యాడుండావు?"

"ఆఫీసులో ఏదో సాఫ్ట్‌వేర్ రిలీజ్ అన్నాడండి" అంది తల్లి. "రాత్రి తొమ్మిదికి వచ్చాడు."

అబ్బాయి నన్ను చూశాడు, నా మనవరాలిని చూశాడు. ఆ పిల్ల తుండుగుడ్డ కళ్ళ మీదికి లాక్కుంది. ఇంకో నిమిషం ఓపిక పడితే వాడు తప్పించుకునేవాడే. కానీ జలుబు మెదడును కూడా మూస్తుందేమో.

"ఆ రోజ్ మిల్క్ పోసినాయన తుమ్ముతూనే ఉన్నాడండి" అన్నాడు. "నేను అప్పుడే చెప్పాను, ఇంకో దుకాణానికి వెళ్దామని. తనే వినలేదు."

కోడలు గొంతు లేకపోయినా రెండు చేతులతో నోరు మూసుకుంది.

అబ్బాయి తల్లి లేచి నిలబడింది. ఆమె మొహంలో నవ్వు లేదు. ఒక్క షరతు పెట్టింది మనిషి, అదే తప్పారు. అప్పటికి ఒకసారి నా రాతతో ఈ సంబంధం చెడబోయింది, ఇప్పుడు నా నోటితో చెడబోతోంది. కింద కూర్చున్న పిల్ల తుండుగుడ్డ కింద నుంచి నా పాదం పట్టుకుంది. చిన్నప్పుడు సూది మందుకు పోయినప్పుడు అట్లా పట్టుకునేది.

"చూడమ్మా" అన్నాను ఆమెతో. "తప్పు మా పిల్లదీ, మీ పిల్లోడిదీ. చెరి సగం. ఒకే దుకాణం, ఒకే రోజు, ఒకే వైరస్. వాళ్ళు చూసుకునేది అయిపోయింది. ఇంగ మనం చూసుకునేదే మిగిలింది. చూస్తే చూడండి, లేదంటే చారు తాగి పోండి. మిరియాలు బాగా ఏసినా."

ఆమె నా మనవరాలి దగ్గరికి వెళ్ళి, తుండుగుడ్డ తీసి, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. నూనె కారే జుట్టు, ఉబ్బిన కళ్ళు, ఒలిచిన ముక్కు. చాలాసేపు చూసింది.

"మామ్మగారూ, నిజం చెప్పండి. ఈ అమ్మాయి ఇంతకంటే అధ్వాన్నంగా ఎప్పుడైనా ఉంటుందాండి?"

"ఉండదు. ఇదే అట్టడుగు."

"ఆంటీ!" అంది నా మనవరాలు.

"పర్లేదు, తట్టుకుంటాను" అంది ఆమె. అని కొడుకు వైపు తిరిగి, "రిలీజా! ఇంటికి పద, నీ రిలీజ్ సంగతి చూస్తాను" అంది. కానీ తిడుతూనే సోఫాలో కూర్చుంది. కాళ్ళు ముడుచుకుని, ఇంటి మనిషిలా కూర్చుంది. కూర్చున్న తీరు చూసి నా మనవరాలు నా పాదం వదిలింది.

మేనమామ పంచాంగం తెరిచి, రాహుకాలం పదిన్నరకే పోయిందనీ, తాంబూలం ఇప్పుడే మార్చుకోవచ్చనీ చెప్పాడు. నూట ఎనిమిది బిందెల మాట మళ్ళీ ఎత్తలేదు. ఇంట్లో స్వీటు లేదు, పండు లేదు, రావద్దని రాసిన ఇంట్లో ఏముంటుంది? తమలపాకులు నావి ఉన్నాయి. కోడలు గలాసుల్లో వేడి వేడి మిరియాల చారు తెచ్చింది. అందరం ఊదుకుంటూ తాగాం, అందరి ముక్కులూ కారాయి. ఎవరిది మిరియం, ఎవరిది వైరస్ అని విడదీయడం నా మనవరాలి ల్యాబుకు కూడా చేతకాదు. మా కొడుక్కి ఫోన్ చేసి సంబంధం ఖాయమైందంటే, "వాయిదా వెయ్యమని కదమ్మా చెప్పినా?" అన్నాడు.

పెళ్లి మాఘంలో అయింది. ఇదంతా రాస్తున్నానంటే నా మనవరాలు, ఆ రోజు గదిలో ఎవరెవరు ఉన్నారో తప్పకుండా రాయమంది. ల్యాబులో అట్లాగే రాస్తారట. పేర్లు రాయొద్దని ఇంట్లో వాళ్ళ కోరిక. ఆ పొద్దున తలుపు మోగినప్పుడు మాలో సగం మందికి సగం మంది ఏమీ కారు. అందుకని ఇప్పటి వరసలతో రాస్తున్నాను. నేను. నా కోడలు. నా మనవరాలు. నా మనవరాలి మొగుడు. దాని అత్త, అంటే నా కోడలికి వియ్యపురాలు. ఆమె తమ్ముడు, నా కోడలు ఇప్పుడు అన్నయ్యగారూ అని పిలుస్తుంది, గొంతు వచ్చింది కాబట్టి.